ఇద్దరం కలిసి లండన్‌లో ఏడు రోజులు: నా అనుభవం

2025 మే 12, సోమవారం పొద్దున హీత్రూలో దిగాం. 18, ఆదివారం రాత్రి తిరుగు విమానం ఎక్కాం. నేనూ, నా ఫ్రెండూ, అంతే. ప్యాకేజీ టూర్ కాదు, అన్నీ మేమే చూసుకున్నాం. చూసిన కట్టడాల వర్ణన ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి దాని జోలికి పోను. టైమూ డబ్బూ ఎక్కడ పోయాయి, ఎక్కడ మిగిలాయి అన్నదే రాస్తున్నాను.

వీసాతోనే మొదలు. ఫిబ్రవరి 24న ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆన్‌లైన్ ఫారం తెరిచాం. కలిసి వెళ్తున్నా ఎవరి అప్లికేషన్ వాళ్ళదే. తోడు ఎవరొస్తున్నారు అన్న చోట ఒకరి పేరు ఒకరం రాసుకున్నాం. గంటలో తేలిపోతుందనుకున్నది మూడు గంటలు పట్టింది. గత పదేళ్ళలో వెళ్ళిన దేశాలు తేదీలతో సహా అడుగుతారు, అమ్మానాన్నల పుట్టిన తేదీలు అడుగుతారు. పాత పాస్‌పోర్టు కూడా పక్కన పెట్టుకుని కూర్చోండి. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే అప్లై చేయనిస్తారు, అంతకంటే ముందు కుదరదు. ఆరు నెలల విజిటర్ వీసాకి అప్పుడు 115 పౌండ్లు. ఆ ఏప్రిల్ 9 నుంచి 127 చేశారు.

కాగితాల్లో ముఖ్యమైనది ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్. ఖాతాలో ఎంత ఉంది అన్నదాని కంటే అది ఎలా వచ్చింది అన్నదే చూస్తారు. మా ఫ్రెండ్ ఖాతాలో జనవరిలో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ మెచ్యూరై మూడు లక్షలు ఒక్కసారిగా పడ్డాయి. ఆ డిపాజిట్ రసీదు కాపీ, పక్కన రెండు లైన్ల వివరణ జతచేసింది. వివరణ లేకుండా పెద్ద మొత్తం కనిపిస్తే అప్పటికప్పుడు ఎవరి దగ్గరో తెచ్చి వేసిన డబ్బని అనుమానిస్తారు, వీసా ఇవ్వకపోవడానికి అదొక్కటీ చాలు. జీతం స్లిప్పులు, ఆఫీసు లీవ్ లెటర్ మామూలే. విమానం టికెట్లు మాత్రం ముందే కొనాల్సిన పని లేదు. వీసా వచ్చేదాకా డబ్బు కట్టి బుక్ చేసుకోవద్దనే వాళ్ళూ చెబుతారు.

మార్చి 4న వీసా సెంటర్లో వేలిముద్రలు, ఫొటో. లోపల అసలు పని పావుగంట. దాని చుట్టూ అదనపు సేవలు బోలెడు: కాగితాలు స్కాన్ చేసిపెడతాం, ఎస్సెమ్మెస్ పంపుతాం, పాస్‌పోర్టు కొరియర్ చేస్తాం, లాంజ్‌లో కూర్చోబెడతాం. ఇందులో ఏదీ తప్పనిసరి కాదు. కాగితాలు ఇంట్లోనే స్కాన్ చేసి అప్‌లోడ్ చేశాం, కొరియర్ ఒక్కటి తీసుకున్నాం. వేలిముద్రలు ఇచ్చిన రోజు నుంచి మూడు వారాలు పడుతుందని లెక్క. నా పాస్‌పోర్టు మార్చి 21న వచ్చింది. ఒకే రోజు, ఒకే కౌంటర్లో ఇచ్చినా తనది 26న వచ్చింది. ఆ ఐదు రోజులు ఫోన్‌లో తను అడిగిన ప్రశ్న ఒక్కటే, నా దగ్గర జవాబు లేదు. ఇద్దరు వెళ్ళేటప్పుడు రెండో పాస్‌పోర్టు కూడా చేతికి వచ్చాకే టికెట్లు కొనండి.

టికెట్లయ్యాక రూము. పేరులోనే ఒక మెలిక ఉంది. బుకింగ్‌లో 'డబుల్' అంటే ఇద్దరికీ కలిపి ఒకే పెద్ద మంచం. రెండు మంచాలు కావాలంటే 'ట్విన్' అని వెతకాలి. కింగ్స్ క్రాస్ స్టేషన్‌కి ఏడు నిమిషాల నడకలో రోజుకి 128 పౌండ్లకి ట్విన్ దొరికింది. పాత ఇల్లు, లిఫ్టు లేదు, మా రూము మూడో అంతస్తులో. పెట్టె బరువు ఎంత అన్నది విమానం తూకం దగ్గర కంటే ఆ మెట్ల దగ్గరే బాగా తెలిసింది. బుక్ చేసేముందు 'లిఫ్ట్' అన్న మాట వెతకండి. ప్లగ్ అడాప్టర్ కూడా ఇక్కడే కొనుక్కుని వెళ్ళండి. మన మూడు గుండ్రటి పిన్నులు వాళ్ళ మూడు చదునైన కంతల్లో దూరవు.

మరో ముందస్తు పని: ఊరికే చూడదగ్గవాటికి కూడా టైమ్ స్లాట్ ఉంటుంది. 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ భవనం పైన స్కై గార్డెన్ ఉంది. ఊరంతా కనిపిస్తుంది, ప్రవేశం ఉచితం. టికెట్లు ప్రతి సోమవారం, దాదాపు మూడు వారాల ముందు తేదీలకి వదులుతారు. వదిలేది లండన్‌లో పొద్దున పదికి, అంటే వేసవిలో మనకి మధ్యాహ్నం రెండున్నర. మేం ఆ టైముకి కాచుకుని శనివారం సాయంత్రం 7.30 స్లాట్ పట్టుకున్నాం. మే నెల మధ్యలో అక్కడ తొమ్మిది కావస్తుండగా సూర్యుడు దిగుతాడు, కాబట్టి ఒకే టికెట్టుతో వెలుతురూ చూస్తాం, దీపాలూ చూస్తాం. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు అడుగుతారు. బిగ్ బెన్ గడియారం స్తంభం లోపలికి ఎక్కాలనుకున్నాం, 334 మెట్లు. మేం చూసేసరికి మా తేదీలన్నీ అయిపోయాయి. నెలల ముందు చూసుకోవాల్సింది అది.

దిగిన రోజు. ఇమిగ్రేషన్‌లో మన పాస్‌పోర్టులకి ఆటోమేటిక్ గేట్లు పనిచేయవు, మనిషి ఉన్న కౌంటర్ లైనే. గంటా ఇరవై నిమిషాలు నిలబడ్డాం. ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటారు, ఈవిడ మీకేమవుతారు అని మూడే ప్రశ్నలు. హోటల్ బుకింగ్, రిటర్న్ టికెట్ కాగితాలు చేతి సంచిలోనే ఉంచుకోండి.

హీత్రూ నుంచి ఊళ్ళోకి రైల్లో మూడు దారులున్నాయి. హీత్రూ ఎక్స్‌ప్రెస్ అన్నిటికంటే వేగం, అన్నిటికంటే ఖరీదు. మేం వెళ్ళినప్పుడు ఎలిజబెత్ లైన్‌కి 13.90 పౌండ్లు. పికడిల్లీ లైన్‌కి 5.80, కింగ్స్ క్రాస్‌కి మారకుండా నేరుగా తీసుకెళ్తుంది, గంట పడుతుంది. మాకు అదే సరిపోయింది.

స్టేషన్ గేటు దగ్గర టికెట్ బదులు బ్యాంకు కార్డే ఆనించొచ్చు. తన కార్డు 'టిక్' మంది, నాది ఎర్ర దీపం. మూడుసార్లు పెట్టాను. వెనక లైను. తీరా చూస్తే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకున్నాను గానీ, దాని కిందే 'కాంటాక్ట్‌లెస్' అని ఇంకో మీట ఉంది, అది ఆఫ్‌లోనే ఉంది. మన కార్డుల్లో ఈ రెండూ వేర్వేరు. ఇంట్లో ఉన్నప్పుడే రెండూ ఆన్ చేసుకోండి. నాకు అక్కడి వైఫై దొరికింది కాబట్టి బతికిపోయాను. ఇంకో సంగతి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్ళలేరు, ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండి తీరాలి. ఫోన్‌తో లోపలికి వెళ్ళి కార్డుతో బయటికి వచ్చినా కుదరదు. రెండూ ఒకే ఖాతావైనా గేటుకి మాత్రం వేర్వేరు. రెండు అసంపూర్తి ప్రయాణాలుగా లెక్కేసి రెండిటికీ పెద్ద చార్జీ పడుతుంది.

చార్జీల లెక్క ఒకసారి అర్థమైతే హాయి. ఊరి నడిబొడ్డయిన జోన్ 1లో ట్యూబ్ రైలుకి (అక్కడి భూగర్భ మెట్రో) రద్దీ వేళ 2.90 పౌండ్లు, మిగతా వేళ 2.80. పని రోజుల్లో పొద్దున 6.30 నుంచి 9.30, సాయంత్రం 4 నుంచి 7 రద్దీ వేళ. బస్సుకి 1.75, మొదట కార్డు పెట్టిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా అదే చార్జీ. బస్సులో నోట్లు, చిల్లర తీసుకోరు. జోన్ 1–2 లోపల ఎంత తిరిగినా రోజుకి 8.90 దాటదు, సోమవారం నుంచి ఆదివారం దాకా వారానికి 44.70 దాటదు. ఇవి మేం వెళ్ళినప్పటి ధరలు, ఏటా మార్చిలో పెరుగుతుంటాయి. ఆ వారం లెక్క ఎప్పుడు దిగితే అప్పటి నుంచి మొదలవదు, సోమవారం నుంచే. మేం సోమవారం దిగడం కావాలని కాదు, టికెట్టు చవకని, కానీ కలిసొచ్చింది. గురువారం దిగేవాళ్ళకి వారం రెండు ముక్కలవుతుంది.

ట్యూబ్ మ్యాప్ దూరాల విషయంలో అబద్ధం చెబుతుంది. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్ మ్యాప్‌లో ఒక స్టేషన్ దూరం, నేల మీద మూడొందల మీటర్లు కూడా లేదు. మేం రైలెక్కాం. దిగాక లిఫ్టు దగ్గర జనాన్ని చూసి మెట్ల దారి పట్టాం. 193 మెట్లు. గుండ్రంగా తిరుగుతూ పైకి పోతూనే ఉంటాయి, మధ్యలో ఆగితే వెనక వచ్చేవాళ్ళు ఆగాలి. మెట్ల మొదట్లోనే బోర్డు పెట్టి హెచ్చరించారు, చదవకుండా ఎక్కింది మేమే. ఆ తర్వాత నుంచి ప్రతి ప్రయాణానికి ముందు ఫోన్‌లో నడక దూరం చూసుకున్నాం, సగం సార్లు నడిచాం.

మంగళవారం టవర్ ఆఫ్ లండన్. మంగళవారం నుంచి శనివారం దాకా తొమ్మిదికి తెరుస్తారు, ఆది, సోమవారాల్లో పదికి. నాలుగున్నర గంటల తేడా వల్ల ఎలాగూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసింది. ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర 15వ నంబరు బస్సు ఎక్కి, పై అంతస్తులో ముందు సీట్లో కూర్చుంటే సెయింట్ పాల్స్ మీదుగా టవర్ దాకా వెళ్తుంది. అదే దారి టూరిస్టు బస్సులో చూడాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టాలి. టవర్ టికెట్ అప్పుడు 35 పౌండ్ల చుట్టూ, మా ప్రయాణంలో అతి ఖరీదైన టికెట్ అదే. లోపలికి వెళ్ళగానే మిగతావన్నీ వదిలేసి నేరుగా కిరీటాలుండే జ్యూయల్ హౌస్‌కి నడవండి. మేం తొమ్మిదీ పదికి వెళ్తే ఆగకుండా లోపలికి వెళ్ళిపోయాం. పదకొండున్నరకి అటువైపు వచ్చినప్పుడు లైను గోడ మలుపు తిరిగి ఉంది.

కోహినూర్ ఉండేది 1937లో రాణి ఎలిజబెత్ కోసం చేసిన కిరీటంలో. మొన్న చనిపోయిన రాణి కాదు, వాళ్ళమ్మ. ఆ వజ్రం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని మనం చెప్పుకుంటాం, పక్కా రుజువు లేకపోయినా. 1849లో పదేళ్ళ పంజాబ్ మహారాజు దులీప్ సింగ్ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని బ్రిటిష్‌వాళ్ళు తీసుకున్నారు. 1852లో సానబట్టి 105.6 క్యారెట్లకి తగ్గించారు. ఎదురుగా నిలబడితే మొదట అనిపించేది: ఇంతేనా. మూడున్నర సెంటీమీటర్ల పొడవు, మంచి ఉసిరికాయంత ఉంటుంది. ఫొటోలు తీయనివ్వరు. ముఖ్యమైన కిరీటాల ముందు నేలే కదులుతుంది, నిలబడదామన్నా ముందుకు తోసేస్తుంది. చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ ఎక్కొచ్చు, ఎవరూ ఏమీ అనరు, జనం లేనంతసేపే సుమా. మేం నాలుగుసార్లు ఎక్కాం. నాలుగోసారి తను మెల్లగా, "ఇదిగో, మనూరి రాయి," అంది. ఇద్దరికీ నవ్వు రాలేదు.

బుధవారం బ్రిటిష్ మ్యూజియం. ప్రవేశం ఉచితం, అయినా ముందే ఉచిత టికెట్ తీసుకుంటే లైను తగ్గుతుంది. అందరూ గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ వైపు పెద్ద గేటుకి వెళ్తారు. వెనక మాంటేగ్ ప్లేస్ వైపు ఇంకో గేటుంది. అమరావతి శిల్పాల కోసం వెళ్ళేవాళ్ళకి అదే దగ్గర. మెట్లెక్కితే 33వ గది, దాని చివర గాజు గోడ వెనక 33ఏ. తేమ, వేడి అదుపులో ఉంచాలని ఆ గదిని వేరుచేశారు. తలుపు అన్నివేళలా తీసి ఉండకపోవచ్చు, మూసి ఉన్నా అద్దంలోంచి కనిపిస్తాయి.

నేను వారమంతా దేని గురించైనా ఒక పూట కేటాయించమని చెప్పాలంటే ఈ గది గురించే చెబుతాను. 1845లో వాల్టర్ ఇలియట్ అనే మద్రాసు అధికారి తవ్వించిన పలకలు ఇవి. ఏళ్ళ తరబడి మద్రాసులో పడున్నాక 1859లో ఓడెక్కాయి, 1880లో ఈ మ్యూజియానికి చేరాయి. పలనాటి సున్నపురాయి. అదే మ్యూజియంలో ఇంకోచోట ఈజిప్టు నుంచి తెచ్చిన రోసెట్టా రాయి ముందు జనం ఒకరి భుజాల మీంచి ఒకరు ఫోన్లు ఎత్తి పట్టుకుంటుంటే, ఇక్కడ అరగంటలో మాతో కలిపి ఆరుగురం. ఒక పలక రెండు వైపులా చెక్కి ఉంది. ముందు వైపు అమరావతి స్తూపమే, ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, పైన ఎగిరే దేవతలు. స్తూపం ఎలా ఉండేదో ఇవాళ మనకి తెలిసేది ఇలాంటి పలకల వల్లే, ఎందుకంటే అసలు కట్టడం మిగల్లేదు. వెనక వైపు అంతకు మూడు శతాబ్దాల ముందు చెక్కింది: బోధి చెట్టు, కింద ఖాళీ ఆసనం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కడం మొదలవని రోజులు. పాత రాయిని తిప్పి మళ్ళీ వాడుకున్నారన్నమాట. మనవాళ్ళ పొదుపు అప్పట్నుంచీ ఉంది.

శుక్రవారం మ్యూజియం రాత్రి 8.30 దాకా ఉంటుంది, ఐదు దాటితే జనం పలచబడతారు. మిగతావి అప్పుడు చూశాం. ఆ వేళ ఏ గదులు తెరిచి ఉంటాయో ముందే చూసుకుని వెళ్ళండి.

గురువారం ఇద్దరం విడిపోయాం. గొడవేం లేదు, ముందే అనుకున్నదే. తనకి క్రికెట్, నాకు పుస్తకాల షాపులు. తను లార్డ్స్ మైదానం టూర్‌కి వెళ్ళింది. మ్యాచ్ లేని రోజు చూసుకుని బుక్ చేసుకోవాలి. యాషెస్ కప్పు అరచేతిలో పట్టేంత చిన్నదని, మైదానం ఒక మూల నుంచి ఇంకో మూలకి రెండున్నర మీటర్ల వాలు ఉందని సాయంత్రమంతా చెప్పింది. నాలుగో రోజుకి ఎంత స్నేహితులైనా ఒక పూట ఎవరి దారి వాళ్ళది కావాలి. దీన్ని ప్లాన్‌లోనే రాసుకుంటే మొహమాటం ఉండదు.

శనివారం గ్రీనిచ్. డ్రైవర్ లేని డీఎల్ఆర్ (డాక్‌లాండ్స్ లైట్ రైల్వే) రైల్లో ముందు సీటు దొరికితే రైలు మనమే నడిపినట్టు ఉంటుంది. కటీ సార్క్ స్టేషన్‌లో దిగి కొండెక్కాలి. కొండ మీద అబ్జర్వేటరీ, రేఖాంశాల లెక్క మొదలయ్యే సున్నా రేఖ. లోపలికి టికెట్ ఉంది, ఆ గీత మీద రెండు కాళ్ళు పెట్టి ఫొటో కోసం లైను ఉంది. ఆ గీత దగ్గర ఫోన్ తీసి జీపీఎస్ చూస్తే సున్నా రాదు. ఉపగ్రహాల లెక్కలో సున్నా అక్కడికి తూర్పున 102 మీటర్ల దూరంలో, పార్కులో, ఏ గుర్తూ లేని చోట ఉంటుంది.

టికెట్ లేకుండా చూడగలిగింది ఇంకా బాగుంది. గేటు పక్క గోడలో 1852 నాటి గడియారం, 24 గంటల ముఖం, పైన సున్నా, కింద పన్నెండు. ఏడాది పొడవునా గ్రీనిచ్ టైమే చూపిస్తుంది, వేసవిలో ఊరంతా గంట ముందుకి జరిపినా ఇది జరగదు. కప్పు మీద ఎర్ర బంతి ఉంటుంది. 12.55కి సగం దాకా లేస్తుంది, 12.58కి పైకి చేరుతుంది, సరిగ్గా ఒంటిగంటకి పడుతుంది. 1833 నుంచి నదిలో ఓడలవాళ్ళు టైము సరిచేసుకోవడానికి పెట్టింది. మేం ముందే వెళ్ళి నిలబడ్డాం. బంతి పడింది. కిందకి చూస్తే గోడ గడియారం చిన్న ముల్లు నిట్టనిలువుగా కిందకి, పన్నెండు మీద. పక్కనున్న పిల్లాడు తప్పు టైమని వాళ్ళ నాన్నతో వాదిస్తున్నాడు.

తిరుగు దారిలో థేమ్స్ కింద నడిచే సొరంగంలోంచి వెళ్ళాం. 1902 నాటిది, 370 మీటర్లు, ఉచితం. అవతల ఐలాండ్ గార్డెన్స్ స్టేషన్. తప్పు జరిగింది ఇక్కడ. డీఎల్ఆర్ స్టేషన్లు చాలావాటికి గేట్లుండవు, దారిలో ఒక కడ్డీకి పసుపుపచ్చ కార్డు రీడర్ ఉంటుంది, మనమే గుర్తుపెట్టుకుని కార్డు ఆనించాలి. తను ఆనించింది, నేను బంతి వీడియో చూసుకుంటూ ఎక్కేశాను. దిగిన 'బ్యాంక్' అనే స్టేషన్‌లో గేటు ఉంది, కార్డు పెడితే మామూలుగానే తెరుచుకుంది. ఏమీ తేడా తెలియలేదు. ఎక్కింది ఎక్కడో యంత్రానికి తెలియదు కాబట్టి గరిష్ఠ చార్జీ వేసింది. అదృష్టం, రైల్లో తనిఖీ రాలేదు. వస్తే జరిమానా 100 పౌండ్లు, మూడు వారాల లోపు కడితే సగం.

తిండికి కష్టపడలేదు. యూస్టన్ స్టేషన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీట్‌లో శాకాహార హోటళ్ళు వరసగా ఉంటాయి, మా రూముకి నడిచేంత దూరం. మధ్యాహ్నాలు సూపర్‌మార్కెట్ మీల్ డీల్: శాండ్‌విచ్, చిప్స్, డ్రింక్ కలిపి 4 పౌండ్ల చుట్టూ. హోటల్లో నీళ్ళంటే సీసా తెస్తారు, బిల్లేస్తారు. 'ట్యాప్ వాటర్' అని అడిగితే ఉచితం. బిల్లు అడుగున 12.5 శాతం సర్వీస్ చార్జి చాలాచోట్ల వేసి ఉంటుంది, అది వేశాక విడిగా టిప్ అక్కర్లేదు. రోడ్డు మీద ఫోన్ చేత్తో పట్టుకుని మ్యాప్ చూడకండి, సైకిళ్ళ మీద వచ్చి లాక్కుపోతారు. గోడ వైపు తిరిగి చూసుకుని, జేబులో పెట్టి నడవడం అలవాటు చేసుకున్నాం.

డబ్బు పంచుకోవడం ఇలా: రైళ్ళు, బస్సులు ఎవరి కార్డు వాళ్ళది. రూము నేను, తిండి తను, టికెట్లు ఎవరివి వాళ్ళవి. రాత్రి పడుకునేముందు రెండు నిమిషాలు ఫోన్‌లో రాసుకునేవాళ్ళం. నేను మామూలు క్రెడిట్ కార్డు వాడాను. ప్రతి ఖర్చు మీదా బ్యాంకు అదనంగా వేసుకునే 3.5 శాతం మార్కప్, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. తను ముందే పౌండ్లు నింపుకునే ఫారెక్స్ కార్డు తెచ్చుకుంది, ఈ బాధ లేదు.

ఆదివారం చర్చిల్లోకి పర్యాటకుల్ని పంపరు, ప్రార్థనలే. అది చూసుకోకుండా వెస్ట్‌మిన్‌స్టర్ యాబీ, సెయింట్ పాల్స్ రెండూ చివరి రోజుకి ఉంచుకున్నాం. సెయింట్ పాల్స్ బయటి మెట్ల మీద కూర్చుని గంటలు విని వచ్చాం.

ఇంటికొచ్చాక కార్డు నంబరుతో ఆన్‌లైన్‌లో ప్రయాణాల జాబితా తెరిచాను. శనివారం కింద ఒక అసంపూర్తి ప్రయాణం. ఎక్కిన స్టేషన్ పేరు ఐలాండ్ గార్డెన్స్ అని ఎంచి, మర్చిపోయానని రాసి పంపాను. మే 29న తేడా సొమ్ము కార్డులో తిరిగి పడింది. మార్కప్ మాత్రం బ్యాంకు ఉంచేసుకుంది.